నిన్న రాత్రి ఎవరొచ్చారు

బల్ల మీద చెక్క బద్ద ఒకసారి మోగితే రాయడం మొదలుపెట్టాలి. మళ్ళీ మోగితే పలకలు పైకెత్తాలి. మూడోసారి మోగితే తుడిచెయ్యాలి. ఈ గనుల ఊళ్ళో పిల్లలకు తమ పేరు రాయడం కంటే ముందు వచ్చే విద్య ఇది. ఒకటో తరగతిలో పట్టుబడిన ఈ అలవాటు ఐదో తరగతికి వచ్చేసరికి ఒంట్లో కలిసిపోతుంది. బద్ద మోగిందంటే చేతులు వాటంతట అవే లేస్తాయి.

మిగతా టీచర్లు దీన్ని లెక్కలకు వాడతారు. నజియా పొద్దున్నే మొదటి పని కింద 'నిన్న' రాయించడానికి వాడుతుంది. నిన్న జరిగినదాంట్లో ఏదో ఒకటి, మూడు నాలుగు వాక్యాల్లో రాయాలి. అంతే.

చలికాలంలో ఈ తరగతి ఆమె చేతికి వచ్చినప్పుడు పిల్లలకు రాయడమంటే అప్పజెప్పడమే. వసంతం గురించి రాయమంటే పచ్చిక బయళ్ళూ, సెలయేళ్ళూ, కిలకిలలాడే పక్షులూ. ఒక్క తప్పు లేకుండా, అందరిదీ ఒకటే వ్యాసం. కిటికీలోంచి చూస్తే బూడిదరంగు గుట్టలు, వాటి మీద బూడిదరంగు దుమ్ము.

"సెలయేరు ఎవరైనా చూశారా?" అని అడిగింది ఆమె అప్పుడు.

"టీవీలో చూశాను ఆనిస్తీ," అన్నాడు జిలానీ. ఆనిస్తీ అంటే ఇక్కడి పిల్లలకు టీచరమ్మ. తరగతిలో నోరు ఆగని పిల్లవాడు వాడు. "మా ఇంట్లో కుళాయే రెండు రోజులకోసారి వస్తుంది. సెలయేరు ఎక్కణ్ణుంచి తేను?"

ఆ రోజు నుంచే 'నిన్న' మొదలైంది. జరగంది రాయకూడదంది. నోటు పుస్తకాలు వద్దంది. నోటు పుస్తకం ఇంటికి వెళుతుంది, హెడ్‌మాస్టర్ బల్ల మీదికి వెళుతుంది. పలక ఎక్కడికీ వెళ్ళదు. "మీరు రాస్తారు, నేను చూస్తాను, మీరు తుడిచేస్తారు. మూడో మనిషి చూడడు," అని పిల్లలకు మాటిచ్చింది. ఏం రాయాలో తెలియక చాక్‌పీసు నములుతున్న వాళ్ళకు ఒకటే ఉపాయం చెప్పింది. "మనసులో ఏముందో వద్దు. చేతులు ఏం చేశాయో రాయండి. మీ అమ్మ చేతులు, మీ నాన్న చేతులు, మీ చేతులు."

ఆ ఉపాయం ఆమె తన కోసం కనిపెట్టుకున్నది. భర్త లమ్జద్ పోయాక వంటింట్లో కూర్చుని రోజుకో వాక్యం రాయడం మొదలుపెట్టినప్పుడు, దుఃఖం గురించి రాయబోతే ఒక్క మాటా రాలేదు. 'ఈ రోజు టీకి రెండు గ్లాసులు తీశాను' అని రాస్తే చెయ్యి కదిలింది. మర్నాడు, 'రెండో గ్లాసు కడిగి పెట్టాను.' అంతకుముందు ఈ తరగతి లమ్జద్‌ది. పిల్లలు ఆయన్ని సీదీ అనీ, పెద్దవాళ్ళు సీ లమ్జద్ అనీ గౌరవంగా పిలిచేవాళ్ళు. ఆయన బూడిదరంగు కోటు ఇంకా తలుపు వెనక మేకుకే ఉంది. తియ్యమని ఎవరూ అనలేదు, ఆమె తియ్యలేదు.

అలవాటు కావడానికి నెల పైనే పట్టింది. మొదట్లో అందరూ ఏం తిన్నారో రాశారు. రొట్టె, హరీసా కారం, రొట్టె, హరీసా కారం. తర్వాత ఆ రొట్టె ఎవరు విరిచారో రాయడం వచ్చింది. ఆ తర్వాత ఎవరికి పెద్ద ముక్క వెళ్ళిందో కూడా. ఇప్పుడు ఆమె మర్చిపోయినా వాళ్ళు మర్చిపోవడం లేదు. "ఆనిస్తీ, నిన్న!" అని గోల పెడతారు.

రెండో వరసలో కూర్చునే యామ్నా ఒక్కతే కుదురుకోలేదు. ఆ పిల్ల బాబా అని పిలిచే తండ్రి అమ్మార్, ఉద్యోగాల కోసం రైలు పట్టాల మీద గుడారం వేసి కూర్చున్నవాళ్ళలో ముందువరస మనిషి. గనుల నుంచి ఫాస్ఫేట్ మోసే రైలు బళ్ళు ఆగిపోయాయి. గుడారం పీకేసిన రోజు నుంచి పోలీసులు అతని కోసం వెతుకుతున్నారు. ఆ రోజు నుంచి యామ్నా పలక మీద రోజూ ఒకే వాక్యం, 'నిన్న గాలి వీచింది.' నజియా ఎప్పుడూ ఇంకేమన్నా రాయమనలేదు. పలక ఎత్తినప్పుడు తల ఊపి ముందుకు సాగిపోయేది.

సోమవారం పొద్దున్న బద్ద ఒకసారి మోగాక, వరసల మధ్య నడుస్తూ నజియా ఆగిపోయింది. యామ్నా పలక నిండిపోతోంది. పిల్ల నాలుక బయటపెట్టి, ముక్కు పలకకు ఆనేంత వంగి రాస్తోంది. ఎడమ బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది.

'నిన్న రాత్రి బాబా మేడ మీంచి దిగాడు. దీపం వెయ్యలేదు. చీకట్లో నా గోళ్ళు కత్తిరించాడు. బొటనవేలిది లోతుగా తెగింది. బాబా దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.'

నజియాకు ముందు కలిగింది సంతోషమే. టీచరుకు కలిగే సంతోషం. భయం దాని తర్వాత వచ్చింది. చెయ్యి చాపి అరచేత్తో ఆ పలక తుడిచెయ్యాలి. అది తెలుసు. కాని ఇంకొక్కసారి చదవాలనిపించింది. చదివింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

హెడ్‌మాస్టర్ సీ ముఖ్తార్ ముందు, ఆయన వెనక జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన సూటు మనిషి, అతని వెనక పోలీసు స్టేషన్ అధికారి రవూఫ్. ఇద్దరు బంట్రోతులు అట్టపెట్టెలు మోసుకొచ్చారు. పెట్టెల్లోంచి కొత్త స్కూలు సంచులు తొంగిచూస్తున్నాయి. అవి చూడగానే పిల్లల్లో కలకలం లేచింది. సగం మంది లేచారు, సగం మంది బెంచీలెక్కారు.

"నాకు ఎర్రది! ఎర్రది నాకు!"

"ఒరేయ్ జిలానీ, కూర్చోరా, నీ మొహానికి ఎరుపొకటి!"

"అమ్మా నజియా, ఒక్క నిమిషం వీళ్ళని…" అన్నాడు సీ ముఖ్తార్, నుదురు తుడుచుకుంటూ.

నజియా గబగబా ముందుకు నడిచి, గోల ఆపడానికి బద్ద తీసుకుని బల్ల మీద కొట్టింది.

గోల ఆగిపోయింది. పలకలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి.

నల్లబల్ల ముందు నిలబడిన ముగ్గురు మగవాళ్ళ వైపు తిరిగి, తెల్లటి అక్షరాలతో, తరగతిలో ఉన్న ప్రతి పలకా. బెంచీ ఎక్కినవాడు కూడా అక్కడే నిలబడి ఎత్తాడు.

సూటు మనిషి పగలబడి నవ్వాడు. "మాషాల్లా! సైన్యం లాగా ఉన్నారే!"

నజియా వెంటనే బద్ద మళ్ళీ కొట్టింది. పలకలు దిగాయి. చొక్కా చేతులతో, టోపీలతో, తడి గుడ్డలతో తుడిచేశారు. గాలిలో సుద్ద పొడి లేచింది. ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియలేదు. ఒక మనిషి నాలుగైదు పలకలు చదవడానికి సరిపోయేంత.

సంచులు పంచేటప్పుడు రవూఫ్ బంట్రోతు చేతిలోంచి ఒకటి తీసుకుని తనే రెండో వరస దగ్గరికి నడిచాడు.

"నీ పేరేంటి తల్లీ?"

"యామ్నా."

"ఎవరమ్మాయివి?"

"అమ్మార్ కూతుర్ని."

"ఏ రంగు కావాలమ్మా? నీలం ఇష్టమా?"

యామ్నా తల ఊపింది. అతను సంచిని ఆమె భుజానికి తగిలించి, పట్టీ పొడవెక్కువైతే వంగి సరిచేశాడు.

*

మంగళవారం నజియా బడికి వచ్చేసరికి గేటు దగ్గర సీ ముఖ్తార్ నిలబడి ఉన్నాడు. మామూలుగా ఆ వేళకు ఆయన గదిలో టీ తాగుతూ ఉంటాడు.

"విన్నావా అమ్మా?"

"లేదు."

"తెల్లవారుజామున అమ్మార్ ఇంటి మీద పడ్డారట. మేడ మీదా, నూతిలో, ఆఖరికి రొట్టెల పొయ్యిలో కూడా వెతికారు. వాడు లేడు. వాడి పెళ్ళాం జాజియాని జీపెక్కించుకుని పోయారు. మొగుడు ఎక్కడున్నాడో చెప్పేదాకా వదలరట." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరో చెప్పి ఉంటారు. ఈ ఊళ్ళో గోడలకు చెవులూ ఉన్నాయి, నోళ్ళూ ఉన్నాయి."

ఆయనకు నిజంగా తెలియదా, తెలిసీ నజియా మీద జాలిపడి అలా అన్నాడా అన్నది ఆయన మొహంలో కనిపించలేదు.

యామ్నా వచ్చింది. నీలం సంచి భుజాన ఉంది. జడ ఎవరో పెద్దావిడ అల్లినట్టు మరీ బిగుతుగా ఉంది. తన చోట కూర్చుని, పలక తీసి, తడి గుడ్డతో తుడిచి, చాక్‌పీసు పట్టుకుని బద్ద కోసం ఎదురుచూసింది.

"లెక్కల పుస్తకాలు తియ్యండి," అంది నజియా.

"ఆనిస్తీ, 'నిన్న' రాయలేదు!"

"ఈ రోజు లెక్కలు ముందు."

"మరి 'నిన్న'?"

"లెక్కలు అన్నాను."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. యామ్నా చాక్‌పీసును తిరిగి డబ్బాలో పెట్టింది.

సాయంత్రం బడి వదలగానే నజియా పట్టాలు దాటి యామ్నా వాళ్ళ పేటకు వెళ్ళింది. పట్టాల మధ్య గుడారం గుంజల గుంటలు ఇంకా పూడలేదు. అమ్మార్ తల్లి ఇంటి ముందు చాప మీద కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది. ముసలావిడ గడ్డం మీద పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయింది. లోపల యామ్నా చిన్న తమ్ముడు ఏడుస్తుంటే ఆ పిల్ల ఊరుకోబెడుతున్న గొంతు వినిపిస్తోంది.

"నేను యామ్నా టీచర్నమ్మా."

"తెలుసు. సీ లమ్జద్ భార్యవి. అల్లా ఆయన్ని కరుణించుగాక." ముసలావిడ తల ఎత్తలేదు. "మంచివాడు. లెక్కలు చెప్పేవాడు."

"జాజియా విషయం…"

"పొద్దున్నే పలక మీద రాయించేది నువ్వేనటగా?"

నజియా నిలబడే ఉంది. "నేనే."

"మా చిన్నప్పుడు చెక్క పలక మీద దేవుడి మాట రాసేవాళ్ళం. రాసింది కడిగి ఆ నీళ్ళు తాగేవాళ్ళం, కడుపులో నిలుస్తుందని." ముసలావిడ ఒక రాయి ఏరి దూరంగా విసిరింది. "నువ్వు మా ఇంటి మాట రాయించావు. కడిగి ఎవరికి తాగించావే తల్లీ?"

"నేను కావాలని చెయ్యలేదమ్మా."

"కావాలని చేసినవాళ్ళైతే బండి కట్టించుకుని వస్తారు, నడిచి రారు. తెలుసులే." పప్పు జల్లెడ పక్కన పెట్టింది. "ఆ పిల్ల పొద్దుట్నుంచీ నన్ను ఒకటే అడుగుతోంది. పోలీసులకు ఎలా తెలిసిందీ అని. నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు. తన చేత్తో తన తల్లిని పట్టిచ్చాననుకుంటే ఆ చెయ్యి ఎందుకన్నా పనికొస్తుందా?"

"చెప్పను."

"చేతనైతే నా కోడల్ని తీసుకురా. చేతకాకపోతే లెక్కలు చెప్పుకో."

*

బుధవారం మధ్యాహ్నం స్టేషన్‌లో రవూఫ్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ తనే లాగి వేశాడు. టీ తెప్పించాడు.

"మా తమ్ముడికి సీ లమ్జద్ గారే చదువు చెప్పారు మేడమ్. అంత్యక్రియలకు రావాలనుకున్నాను, డ్యూటీ పడింది."

"ఆ అమ్మాయి రాసింది నిజం కాదు," అంది నజియా. వచ్చే దారిలో కూడబలుక్కున్న వాక్యం అది. అనుకున్నదాని కంటే ముందే బయటికి వచ్చేసింది.

"ఏ అమ్మాయి?"

"మీకు తెలుసు."

అతను గ్లాసులో చక్కెర కలిపాడు. "చెప్పండి."

"నేను ఊహించి రాయించే పాఠం చెబుతున్నాను. ఇంట్లో లేని మనిషి ఒకరు వచ్చినట్టు ఊహించుకుని రాయాలి. యామ్నా వాళ్ళ నాన్నని ఊహించుకుంది. పదేళ్ళ పిల్ల. ఇంకెవర్ని ఊహించుకుంటుంది?"

"ఊహించింది."

"అవును."

"నాకూ ఇద్దరు పిల్లలున్నారు మేడమ్. నాన్న వచ్చినట్టు ఊహించి రాయమంటే ఏం రాస్తారో తెలుసా? బొమ్మలు తెచ్చాడని రాస్తారు. ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడని. గుర్రమెక్కి వచ్చాడని." అతను తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. "గోళ్ళు కత్తిరించాడని రాయరు. లోతుగా తెగిందని అసలే రాయరు."

నజియా టీ గ్లాసు పట్టుకుంది. చేతులు ఏం చేశాయో రాయండి అని చెప్పింది తనే.

"నా పిల్లలు రాస్తారు," అంది. "నేను అలాగే రాయమని నేర్పాను. ఊహ అయినా సరే, జరిగినట్టే ఉండాలని."

"తరగతి మొత్తానికీ?"

"మొత్తానికీ."

రవూఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె వంక చూశాడు. అలసిన మనిషి చూపు. పక్క గదిలో టెలిఫోన్ మోగి ఆగిపోయింది.

"ఆ ఇల్లాలిని ఉంచుకుని నాకు ఒరిగేదేం లేదు. నోరు విప్పట్లేదు. పైవాళ్ళు పూటకోసారి ఫోన్ చేస్తున్నారు. ఆడకూతురు స్టేషన్‌లో ఉందని ఊళ్ళో మళ్ళీ జనం పోగవుతారేమోనని నాకో బెంగ." ముందుకు వంగాడు. "రేపు పొద్దున నేను మీ తరగతికొస్తాను. వెనక కూర్చుంటాను. రోజూ రాయించినట్టే రాయించండి. మీరన్నట్టు అందరూ ఊహించి అలా రాస్తే, వాడు ఇంటికి రాలేదని నమ్ముతాను. ఆవిడని మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేస్తా. పైవాళ్ళకి చెప్పడానికి నాకూ ఒక కారణం దొరుకుతుంది."

"రాయకపోతే?"

"రాస్తారన్నారుగా."

స్టేషన్ నుంచి నజియా తిన్నగా పేటకు నడిచింది. దారిలో గిడ్డంగి గోడ దగ్గర తన తరగతి పిల్లలు బంతాట ఆడుతున్నారు. జిలానీ గోలు కాస్తూ అరుస్తున్నాడు. వాడిని పిలిచి ఒక మాట చెబితే రాత్రికల్లా అందరికీ తెలుస్తుంది. రాత్రికల్లా అందరికీ తెలిస్తే పొద్దుటికి స్టేషన్‌కూ తెలుస్తుంది. ఆగింది. జిలానీ చెయ్యి ఊపాడు. ఆమె చెయ్యి ఊపి ముందుకు సాగింది. ఒక్క యామ్నాకు చెబితే చాలు.

ముసలావిడ తలుపు సగమే తెరిచింది.

"తెచ్చావా?"

"రేపు పంపిస్తానన్నాడు. యామ్నాతో ఒక్క మాట మాట్లాడాలి."

"అది పడుకుంది. రెండు రాత్రుల తర్వాత ఇప్పుడే కళ్ళు మూసింది."

"ఒక్క మాటేనమ్మా. రేపు బళ్ళో…"

"చాలమ్మా, నీ మాటల వల్లే ఇంత దాకా వచ్చింది. లేపను." ముసలావిడ గొంతులో కోపం లేదు. "రేపు బడికి పంపిస్తాను. వెళ్ళు."

నజియా కాసేపు గడప ముందే నిలబడింది. పొద్దున బడి గేటు దగ్గరే పట్టుకుని చెప్పొచ్చనుకుంది.

*

గురువారం ఆమె బడికి వచ్చేసరికి జీపు గేటులోనే ఉంది. రవూఫ్ సీ ముఖ్తార్‌తో మాట్లాడుతూ, వచ్చే ప్రతి పిల్లనీ పేరు పేరునా పలకరిస్తున్నాడు. యామ్నా అతని పక్కనుంచే లోపలికి నడిచింది.

"సంచి బాగుందా తల్లీ?"

"బాగుంది."

అతను వెనక బెంచీలో, పిల్లల మధ్య మోకాళ్ళు ఇరుక్కుని కూర్చున్నాడు. టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

నజియా నల్లబల్ల మీద తేదీ రాసింది. కుడి నుంచి ఎడమకు, నెమ్మదిగా, ప్రతి అక్షరమూ దిద్దుతూ. ఇక రాయడానికేమీ మిగల్లేదు. తిరిగింది.

"పిల్లలూ, రోజూ రాసినట్టే ఈ రోజూ రాద్దాం." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇప్పుడు మీ ఇంట్లో లేనివాళ్ళు ఎవరో ఒకరు నిన్న రాత్రి వచ్చారు. వచ్చినట్టు ఊహించి రాయండి. రోజూ… ఇలాగే రాస్తున్నాం కదా."

ఈ తరగతిలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. పిల్లలు ఆమెను చూశారు. ఎవరూ కదల్లేదు. జిలానీ మెల్లగా వెనక్కి తిరిగి టోపీ వంక చూశాడు. తర్వాత యామ్నా వీపు వంక. తర్వాత నజియా వంక.

"అబ్బా, మళ్ళీ అదేనా ఆనిస్తీ?" అన్నాడు. "రోజూ ఎవరో ఒకరు రావడమేనా మా ఇంటికి? మా అమ్మ టీలు పెట్టలేక చస్తోంది!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "అవును ఆనిస్తీ, రోజూ అదే," అన్నారు. ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి ఏదో పాకినట్టయింది. చాక్‌పీసు డబ్బాలు తెరుచుకున్నాయి. ఆమె ఒక్క మాట చెప్పలేదు, వాళ్ళు ఒక్క ప్రశ్న అడగలేదు.

యామ్నా చాక్‌పీసు పట్టుకుని ఆమె వంకే చూస్తోంది. నజియా ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. చూపుతో ఏమైనా చెప్పగలిగితే అప్పుడే చెప్పాలి. వెనక నుంచి రవూఫ్ కూడా చూస్తున్నాడు. ఆమె చూపు తిప్పుకుని బద్ద కొట్టింది.

సుద్ద గీతల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె వరసల మధ్య నడవలేదు. బల్ల దగ్గరే నిలబడింది.

రవూఫ్ లేచి ముందుకొచ్చాడు. ఆమె పక్కన నిలబడి, కొట్టండి అన్నట్టు తల ఊపాడు.

రెండోసారి బద్ద మోగింది. పలకలు లేచాయి.

అతను ఒక చివర నుంచి తొందరలేకుండా చదువుతూ వెళ్ళాడు. ఆమె అతని వెనకే చదివింది.

'పెదనాన్న ఇటలీ నుంచి వచ్చాడు. బూట్లు విప్పకుండా చాప తొక్కాడని అమ్మ తిట్టింది. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.' అది జిలానీది.

'చనిపోయిన తాత వచ్చాడు. తన కుర్చీ ఎవరు జరిపారని అడిగాడు. మేము మళ్ళీ కిటికీ దగ్గరికి జరిపాము.'

'జైల్లో ఉన్న అన్న వచ్చాడు. రొట్టె విరవడం మర్చిపోయాడు. కత్తి అడిగాడు.'

హయాత్ అనే పిల్ల పలక దగ్గర నజియా అడుగు ఆగింది. 'సీదీ లమ్జద్ మా ఇంటికి వచ్చాడు. చాక్‌పీసు జేబులో వేసుకుని మర్చిపోయాడు. అమ్మ కోటు ఉతికితే నీళ్ళు తెల్లగా అయ్యాయి.'

ఆమె వేళ్ళు బద్ద చుట్టూ బిగుసుకున్నాయి. పక్కనున్న పిల్ల చూసి కళ్ళు దించుకుంది.

రవూఫ్ మొహం మారింది. అతను నిజంగానే చదువుతున్నాడు. ఒకటి రెండు చోట్ల తల ఊపాడు. ఒక చోట గొంతు సవరించుకున్నాడు. "గోళ్ళేం ఖర్మ," అన్నాడు, సగం తనలో తను, "వీళ్ళు ఏదైనా రాసేట్టున్నారు." నజియాకు మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది. మధ్యాహ్నానికల్లా, అన్నాడు. మధ్యాహ్నానికి జాజియా తన ఇంటి గడప ఎక్కుతుంది.

రెండో వరసలోకి వచ్చాడు. యామ్నా పలక మిగతావాటి కంటే నిటారుగా, రెండు చేతుల మధ్య కదలకుండా ఉంది. అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి.

'నిన్న రాత్రి ఎవరూ రాలేదు. అమ్మ కూడా రాలేదు. నాయనమ్మ తలుపు గడియ పెట్టలేదు.'

అతను చదివాడు. మళ్ళీ చదివాడు.

"నీకు టీచర్ చెప్పింది అర్థం కాలేదా తల్లీ? వచ్చినట్టు ఊహించి రాయమన్నారు కదా?"

"అర్థమైంది."

"మరి?"

యామ్నా నజియా వంక చూసి, మళ్ళీ అతని వంక చూసింది. "జరగంది రాయకూడదు. ఆనిస్తీ మొదటి రోజే చెప్పింది."

"మొదటి రోజే," అన్నాడు రవూఫ్.

అతను టోపీ పెట్టుకున్నాడు. మొహంలో గెలిచిన జాడ లేదు, కోపమూ లేదు. అనుకోని చోట తనకు కావలసింది దొరికిన మనిషిలా ఉన్నాడు.

"మీ పిల్లలందరూ చాలా బాగా అబద్ధం రాశారు మేడమ్," అన్నాడు తగ్గు స్వరంతో. "ఈ అమ్మాయికి ఒక్కదానికే అది రాయడం రాలేదు. సోమవారం కూడా రాలేదు." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "తలుపు గడియ పెట్టలేదట. అంటే ఆ ముసలావిడ ఇంకా ఎదురుచూస్తోంది. వాడు ఎంతో దూరం పోలేదు."

అతను వెళ్ళాక కూడా పలకలు పైనే ఉన్నాయి. బద్ద మోగలేదు కాబట్టి ఎవరూ దించలేదు. చిన్న చేతులు వణకడం మొదలైంది.

జిలానీ ముందు దించేశాడు. "వచ్చాడని రాస్తే నీ సొమ్మేం పోయేదే!" అన్నాడు. వాడి గొంతు కీచుగా పగిలింది. "అందరం రాశాం కదా నీ కోసం!"

"నా కోసమా?" అంది యామ్నా. ఆమెకు నిజంగా అర్థం కాలేదు. "కానీ రాలేదు కదా."

పిల్లలందరూ నజియా వైపు తిరిగారు. తప్పెవరిదో ఒప్పెవరిదో తేల్చడం టీచర్ పని. యామ్నా కూడా అందుకోసమే చూస్తోంది. పలక ఇంకా ఎత్తే పట్టుకుంది. బయట జీపు స్టార్టయింది. బడి మలుపు దగ్గర అది స్టేషన్ వైపు తిరగలేదు. పట్టాల మీదుగా ఎగిరిపడుతూ పేట వైపు వెళుతున్న చప్పుడు తరగతిలో అందరికీ తెలిసిన చప్పుడే.

నజియా రెండో వరసలోకి నడిచింది. నీలం సంచి పక్కకు జరిపి, ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది.

"రాలేదు," అంది. "నువ్వు రాసింది నిజమే. రాలేదు."

యామ్నా మొహం తేటపడింది. పలక ఒళ్ళోకి దించుకుని, తడి గుడ్డతో మూలమూలలా, అంచుల దాకా శ్రద్ధగా తుడిచింది. జిలానీ వైపు ఒకసారి చూసి, లెక్కల పుస్తకం తీసి ముందు పెట్టుకుంది.